7 కేజీల స్ప్రింగ్ అంటే ఎంత గట్టి? రోడ్డు మీదా ఆటోక్రాస్‌లోనూ ఒకే కారు నడిపేవాళ్లకు స్ప్రింగ్ లెక్కలు

"ముందు 8, వెనక 6 కేజీల స్ప్రింగులు వేయించాను, నడుం పడిపోతోంది" అంటాడొకడు. "నావి 10 కేజీలు, రోజూ ఆఫీసుకు హాయిగా వెళ్లొస్తున్నాను" అంటాడు ఇంకొకడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. స్ప్రింగ్ మీద రాసిన అంకె స్ప్రింగ్ గురించి మాత్రమే చెబుతుంది. అది ఏ కారులో, ఏ మూలన, ఎంత బరువు కింద కూర్చుందో చెప్పదు. కారు పేరు, సస్పెన్షన్ రకం తెలియకుండా ఇంకొకరి అంకెలు తెచ్చుకుంటే పని అక్కడే చెడుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న కారు మొదటి తరం మాజ్దా మియాటా (1989–97). అమెరికాలో ఆటోక్రాస్ (కోన్లు పెట్టిన దారిలో ఒక్కో కారునూ గడియారంతో పోటీగా నడిపే ఆట) జరిగే ఏ పార్కింగ్ లాట్‌కు వెళ్లినా ఇది కనబడుతుంది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు ఇనుప చేతులు పట్టుకునే సస్పెన్షన్), బరువు తక్కువ, ముందూ వెనకా దాదాపు సమానం. లెక్క వేసి చూపడానికి ఇంతకంటే అనువైన కారు దొరకదు.

స్ప్రింగ్ రేటు: కొలతలు, మార్పిడులు

స్ప్రింగ్‌ను ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బలం కావాలో అదే స్ప్రింగ్ రేటు. జపాన్ కంపెనీలు దాన్ని మిల్లీమీటరుకు కేజీల్లో, యూరప్ కంపెనీలు మిల్లీమీటరుకు న్యూటన్లలో, అమెరికా కంపెనీలు అంగుళానికి పౌండ్లలో రాస్తాయి. మిల్లీమీటరుకు 1 కేజీ అంటే మిల్లీమీటరుకు 9.81 న్యూటన్లు, అదే అంగుళానికి 56 పౌండ్లు. 7 కేజీల స్ప్రింగ్, 68.7 న్యూటన్ల స్ప్రింగ్, 392 పౌండ్ల స్ప్రింగ్ మూడూ ఒకటే.

ఈ రేటును తేల్చేవి మూడు: తీగ మందం, చుట్ట వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య. తీగ మందం ప్రభావం నాలుగో ఘాతంలో ఉంటుంది. 10 మి.మీ. తీగ బదులు 11 మి.మీ. తీగ వాడితే రేటు 46 శాతం పెరుగుతుంది. చుట్లు తగ్గినా పెరుగుతుంది. గ్యారేజీలో గ్రైండర్‌తో ఒక చుట్టు కోసి "కారు కిందికి దిగింది" అనుకునేవాళ్లు రేటును కూడా మార్చేస్తున్నారన్నమాట. ఆరు చుట్లలో ఒకటి పోతే 20 శాతం గట్టిపడుతుంది. కోసిన కొస సీటులో (స్ప్రింగ్ ఆనే గిన్నెలో) సరిగా కూర్చోకపోవడం దాని మీద ఇంకో బాధ.

ఒక అపోహను ఇక్కడే తీసేద్దాం. కాయిలోవర్ (షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగ్ ఉండి, రింగుతో ఎత్తు మార్చుకునే సెట్) మీది రింగు బిగించి ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచడం) పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు. మామూలు లీనియర్ స్ప్రింగ్ ఎక్కడ నొక్కినా దాని రేటు మారదు. రింగు బిగిస్తే కారు ఎత్తు పెరుగుతుంది, అంతే.

చక్రానికి చేరేది ఎంత?

గడ్డపారతో బండరాయి లేపేటప్పుడు ఆనుడు ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి చేతికి తగిలే బరువు మారుతుంది. విష్‌బోన్ సస్పెన్షన్‌లో స్ప్రింగ్ పరిస్థితి కూడా అదే. స్ప్రింగ్ ఆ ఇనుప చేయి మధ్యలో ఎక్కడో ఉంటుంది, చక్రం చివరన ఉంటుంది. చక్రం 50 మి.మీ. లేస్తే స్ప్రింగ్ 35 మి.మీ. మాత్రమే నలుగుతుందనుకోండి, మోషన్ రేషియో 0.70 అవుతుంది. చక్రం దగ్గర అనుభవానికొచ్చే గట్టిదనాన్ని వీల్ రేట్ అంటారు. అది స్ప్రింగ్ రేటును మోషన్ రేషియోతో రెండుసార్లు గుణిస్తే వస్తుంది. దూరం తగ్గినందుకు ఒకసారి, బలం తగ్గినందుకు ఇంకోసారి.

చాలామంది ఒక్కసారే గుణించి ఆపేస్తారు. తేడా చిన్నది కాదు. 0.70 రేషియో ఉన్న విష్‌బోన్ కారులో 10 కేజీల స్ప్రింగ్ చక్రం దగ్గర 4.9 కేజీలే. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఒకే నిలువు కడ్డీగా చక్రం పక్కనే ఉండే రకం) ఉన్న కారులో రేషియో 0.95 దాకా ఉంటుంది కాబట్టి 8 కేజీల స్ప్రింగ్ చక్రం దగ్గర 7.2 కేజీలు. పైన నడుం నొప్పి అన్నవాడిది స్ట్రట్ కారు, హాయిగా ఉందన్నవాడిది విష్‌బోన్ కారు అయితే గొడవ లేదు.

రేషియోను ఇంకెవరో చెప్పింది తీసుకోకుండా సొంత కారు మీద కొలవడమే నమ్మకం. స్ప్రింగ్ తీసేసి, షాక్ ఒక్కటే బిగించి, చక్రాన్ని జాకీతో కారు మామూలుగా నిలబడే ఎత్తుకు తెచ్చి, అక్కడి నుంచి 10 మి.మీ. చొప్పున లేపుతూ రెండు సీట్ల మధ్య దూరం ఎంత తగ్గిందో రాసుకుంటారు. ఎత్తును బట్టి రేషియో కొంచెం మారుతుంది, అందుకే మామూలు ఎత్తుకు అటూ ఇటూ కొలత ఉండాలి. 0.75 అయినదాన్ని 0.70 అనుకుంటే వీల్ రేట్‌లో 13 శాతం తప్పు వస్తుంది.

కేజీలు వదిలి హెర్ట్జ్‌లోకి

వీల్ రేట్ తెలిసినా సగమే తెలిసింది. అదే గట్టిదనం 200 కిలోల బరువు కింద ఒకలా, 350 కిలోల కింద ఇంకోలా ఉంటుంది. అందుకే సస్పెన్షన్ పనిచేసేవాళ్లు సహజ పౌనఃపున్యంలో మాట్లాడతారు. షాక్ లేకుండా ఆ మూలను నొక్కి వదిలితే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నదే అది. వీల్ రేట్‌ను (మీటరుకు న్యూటన్లలో) స్ప్రింగ్ పైన ఉన్న బరువుతో (కిలోల్లో) భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది.

మామూలు కుటుంబ కార్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 వరకు. రోడ్డు, ఆటోక్రాస్ రెండూ చేసే కార్లు ఎక్కువగా 1.7కూ 2.3కూ మధ్య స్థిరపడతాయి. రెక్కల డౌన్‌ఫోర్స్ (గాలి కారును కిందికి నొక్కే బలం) లేని రేసు కార్లు సాధారణంగా 2 పైన. ఇవి గీత గీసిన హద్దులు కావు, అలవాటుగా వాడే పరిధులు.

ఇప్పుడు మియాటా. డ్రైవర్‌తో కలిపి 1,080 కిలోలు, ముందు ఒక్కో మూలన 280, వెనక 260 అనుకుందాం. చక్రం, హబ్, బ్రేకు స్ప్రింగ్ కింద ఉండేవి కాబట్టి ఒక్కో మూలకు 30 కిలోలు తీసేస్తే 250, 230 మిగులుతాయి. కొలిస్తే ముందు 0.70, వెనక 0.75 వచ్చిందనుకుందాం.

ముందు 7 కేజీల స్ప్రింగ్ వేస్తే 68.7 × 0.49 = 33.6 న్యూటన్లు, మీటరుకు 33,600. అంటే 1.85 హెర్ట్జ్. వెనక 5 కేజీలైతే 49 × 0.5625 = 27.6 న్యూటన్లు, 1.74 హెర్ట్జ్. వెనక కూడా 7 వేస్తే 38.6 న్యూటన్లు, 2.06 హెర్ట్జ్. ఇదే ముందు భాగంలో 28 న్యూటన్ల మెత్తటి స్ప్రింగ్ ఉంటే 1.18 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది.

7/5, 7/7 అన్న ఈ రెండు జతల చుట్టూనే అసలు వాదమంతా తిరుగుతుంది.

ముందు గట్టిగానా, వెనక గట్టిగానా?

వెనక పౌనఃపున్యం ముందుకంటే ఎక్కువ ఉండాలన్న సూత్రం 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఆలీ ప్రయోగాల నుంచి వచ్చింది. గతుకు ముందు చక్రానికి తగిలిన కాసేపటికి గానీ వెనక చక్రానికి తగలదు. మియాటా వీల్‌బేస్ 2,265 మి.మీ., కాబట్టి గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఆ ఆలస్యం 0.136 సెకన్లు. వెనక భాగం కాస్త త్వరగా ఊగితే ముందుదాన్ని అందుకుంటుంది, కారు ముక్కు పైకీ కిందికీ ఆడకుండా అంతా ఒకేసారి లేచి దిగుతుంది. దీన్నే ఫ్లాట్ రైడ్ అంటారు. వెనక 10 శాతం ఎక్కువ అన్న లెక్కకు 7/7 జత దాదాపు సరిపోతుంది: 2.06ను 1.85తో భాగిస్తే 1.11.

దీన్ని ఒప్పుకోనివాళ్ల వాదనలోనూ పస ఉంది. ఆలీ లెక్క తక్కువ డాంపింగ్ (షాక్ ఊగుడును అణిచే బలం) ఉన్న మెత్తటి కార్లకు. ఆటోక్రాస్ కారులో షాకులు ఊగుడును ఒక్క దెబ్బతో ఆపేస్తాయి కాబట్టి ముందూ వెనకా అందుకోవడమన్న ప్రశ్నే పెద్దగా రాదు. పైగా వెనక చక్రాలతో నడిచే కారులో వెనక మెత్తగా ఉంటే మలుపు నుంచి యాక్సిలరేటర్ తొక్కి బయటపడేటప్పుడు లోపలి చక్రం నేలను వదలదు. ఆటోక్రాస్‌లో ఆ మలుపులే పరుగంతా. అందుకే 7/5 లాంటి జతలు జనంలో పాతుకుపోయాయి.

రోజూ గంటసేపు హైవే మీద పోయే కారైతే ఫ్లాట్ రైడ్ వైపు మొగ్గడం న్యాయం, ఎందుకంటే ముక్కు ఆడే కారు ఇంకే కారణం లేకుండానే అలసట తెస్తుంది. కాకపోతే 7/7 పెట్టి ఊరుకుంటే కుదరదు. దాని సంగతి ఇదిగో.

బరువు మారదు, పంచుకోవడం మారుతుంది

గట్టి స్ప్రింగ్ వేస్తే మలుపులో బరువు బయటి చక్రాల మీదికి తక్కువగా పోతుందన్నది అపోహ. మొత్తం ఎంత పోతుందో తేల్చేవి కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు. 1,080 కిలోల కారు, ఆ కేంద్రం ఎత్తు 0.46 మీటర్లు, ఆ వెడల్పు (ట్రాక్) 1.42 మీటర్లు అయితే 1 జీ మలుపులో (పక్కకు లాగే బలం కారు బరువంత ఉన్నప్పుడు) 350 కిలోలు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు పోతాయి. స్ప్రింగ్ ఏదైనా సరే.

స్ప్రింగులు తేల్చేది ఆ 350లో ముందు ఇరుసు వాటా ఎంత, వెనకది ఎంత అన్నది. ఏ ఇరుసు ఎక్కువ మోస్తే ఆ ఇరుసు టైర్లు ముందుగా పట్టు వదులుతాయి. ముందు వాటా పెరిగితే కారు తిరగనంటుంది, అది అండర్‌స్టీర్. వెనక వాటా పెరిగితే తోక తిప్పుతుంది, అది ఓవర్‌స్టీర్.

లెక్క తేలిగ్గా ఉండాలని యాంటీ రోల్ బార్లు (ఎడమ, కుడి చక్రాలను కలిపి కారు ఒరగకుండా ఆపే కడ్డీలు) రెండూ విప్పేశామనుకుందాం. ఒరిగే దానికి ఎదురునిలిచే గట్టిదనం ముందు 7 కేజీల స్ప్రింగులతో డిగ్రీకి 592 న్యూటన్ మీటర్లు, వెనక 5 కేజీలతో 485. ముందు వాటా 55 శాతం. వెనక కూడా 7 వేస్తే అక్కడ 680 అవుతుంది, ముందు వాటా 46.5 శాతానికి పడిపోతుంది. అంటే తోక తిప్పే కారు. దాన్ని మళ్లీ 55కు తేవాలంటే ముందు డిగ్రీకి 240 న్యూటన్ మీటర్లు ఇచ్చే బార్ కావాలి.

ఇలా ఒకే బ్యాలెన్స్‌కు రెండు దారులు తేలాయి. బార్ లేని 7/5 జత 1 జీ దగ్గర 3.5 డిగ్రీలు ఒరుగుతుంది. 7/7కు ముందు బార్ కలిపితే 2.5 డిగ్రీలే. రెండోది కొట్టొచ్చినట్టు బాగున్నట్టుంది కదా. దాని ఖరీదు ఎక్కడ తెలుస్తుందంటే, ఒక్క చక్రమే గుంతలో పడ్డప్పుడు. అప్పుడు బార్ ఆ చక్రానికి 6.8 న్యూటన్లు అదనంగా జోడిస్తుంది, 1.85 హెర్ట్జ్ ముందు భాగం 2.02లా ప్రవర్తిస్తుంది. రెండు చక్రాలూ కలిసి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం బార్ ఉన్నట్టే తెలియదు.

నియమాల వల్ల చాలామందికి ఈ ఎంపికే ఉండదు. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నడిపే సోలో అనే ఆటోక్రాస్ పోటీల స్ట్రీట్ కేటగిరీలో చాలా ఏళ్లుగా కంపెనీ స్ప్రింగులే ఉంచాలి. షాకులు మార్చుకోవచ్చు, ముందో వెనకో ఒక్క బార్ మార్చుకోవచ్చు. స్ప్రింగులు మార్చాలంటే స్ట్రీట్ టూరింగ్‌కు వెళ్లాలి. రూల్ బుక్ ఏటా కొత్తది వస్తుంది కనుక స్ప్రింగులు కొనేముందు ఆ ఏడాది పుస్తకం చూసుకోవడం డబ్బు మిగిల్చే పని.

అసలు పేచీ ప్రయాణం దగ్గర

హెర్ట్జ్ ఎంత పెట్టాలన్నది రుచిని బట్టి అనుకుంటారు గానీ, చాలా కార్లలో దాన్ని తేల్చేది చక్రం పైకి లేవడానికి మిగిలిన చోటు. కిందికి దింపిన కారులో బంప్ స్టాప్ (చక్రం ప్రయాణం చివర ఆనే రబ్బరు దిమ్మె) తగలకముందు చక్రానికి 55 మి.మీ. ఉందనుకుందాం. 3.5 డిగ్రీలు ఒరిగితే బయటి చక్రం దగ్గర 43 మి.మీ. వాడేసినట్టే. గతుకుకు 12 మి.మీ. మిగిలింది. 2.5 డిగ్రీలైతే 31 వాడుకుని 24 మిగులుస్తుంది.

ఇప్పుడు కారు ఎత్తు తగ్గించి స్ప్రింగ్ మాత్రం మెత్తగా ఉంచామనుకోండి. 1.2 హెర్ట్జ్ చుట్టూ ఉన్న స్ప్రింగులతో, బార్లు లేకుండా, లెక్క ప్రకారం 7.7 డిగ్రీలు ఒరగాలి, 96 మి.మీ. కావాలి. ఉన్నది 55. కాబట్టి మలుపు మధ్యలోనే బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. అందం కోసం 40 మి.మీ. దింపి, రేటు 15 శాతమే పెంచే లోయరింగ్ స్ప్రింగులతో జరిగేది సరిగ్గా ఇదే. స్టాప్ తగలగానే ఆ మూల గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. ముందు స్టాప్ మొదట తగిలితే తిరుగుతున్న కారు తిరగడం మానేస్తుంది. వెనకది మొదట తగిలితే హెచ్చరిక లేకుండా తోక పోతుంది. డ్రైవర్ "స్ప్రింగులు మరీ గట్టి" అని ఫిర్యాదు చేస్తాడు, నిజానికి అవి మెత్తగా ఉండి స్టాప్ మీద పడుతున్నాయి. గట్టి స్ప్రింగ్ వేస్తే రోడ్డు మీద మెత్తగా అనిపించడం అనే వింత ఇక్కడే పుడుతుంది.

స్ట్రట్ కారును దింపితే ఇంకో చిక్కు. కింది చేతులు అడ్డంగా ఉండేవి పైకి వాలతాయి, రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గురుత్వ కేంద్రం కంటే ఎక్కువ కిందికి పోతుంది. దాంతో దింపిన కారు దింపని దానికంటే ఎక్కువ ఒరగాలని చూస్తుంది. ఒరిగేకొద్దీ స్ట్రట్ కారు టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. అందుకే స్ట్రట్ కార్లకు విష్‌బోన్ కార్లకంటే గట్టి స్ప్రింగుల వల్ల లాభం ఎక్కువ.

రెండో వైపు, చక్రం కిందికి దిగే ప్రయాణం. 1.85 హెర్ట్జ్ దగ్గర కారు తన బరువుకే చక్రం దగ్గర 73 మి.మీ., స్ప్రింగ్ దగ్గర 51 మి.మీ. నలిగి ఉంటుంది. చక్రం 73 కంటే ఎక్కువ కిందికి వేలాడితే స్ప్రింగ్ సీటులో వదులవుతుంది. జాకీ మీద లేపినప్పుడు టకటకమనే చప్పుడు అదే. చిన్న హెల్పర్ స్ప్రింగ్ దాన్ని పట్టి ఉంచుతుంది. స్ప్రింగ్ లోపలి వ్యాసం కూడా చూసుకోవాలి. 65 మి.మీ. స్ప్రింగ్‌ను రెండున్నర అంగుళాల (63.5 మి.మీ.) సీటు మీద పెడితే పక్కకు జరిగి షాక్ బాడీకి గీసుకుంటుంది.

షాక్ మార్చకుండా స్ప్రింగ్ మారిస్తే

28 న్యూటన్ల స్ప్రింగ్‌కు తగ్గట్టు, క్రిటికల్‌లో (ఒక్కసారి కూడా ఊగనివ్వని డాంపింగ్‌లో) 30 శాతం డాంపింగ్ ఇచ్చే షాక్ ఉందనుకుందాం. దాని మీదే 7 కేజీల స్ప్రింగ్ పెడితే అదే షాక్ 19 శాతం మాత్రమే ఇస్తుంది. కారు గతుకు దాటాక రెండు మూడుసార్లు ఊగుతుంది, స్లాలమ్‌లో (కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ పోయే వరసలో) రెండో కోన్ నాటికి స్టీరింగ్ వెనకబడుతుంది. కోన్లు 20 మీటర్ల దూరంలో ఉండి కారు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే కోన్‌కూ కోన్‌కూ మధ్య 1.2 సెకన్లే ఉంటుంది. ఊగుడు అణగడానికి అంత టైమ్ లేదు.

ఆటోక్రాస్‌కు కొందరు 65 శాతం దాకా వెళ్తారు. మన మియాటా ముందు భాగానికి ఆ లెక్కన సెకనుకు 50 మి.మీ. వేగంతో రాడ్ కదిలినప్పుడు షాక్ దాదాపు 385 న్యూటన్లు ఇవ్వాలి. కొనబోయే షాక్ డైనో చార్టులో (ఏ వేగానికి ఎంత బలం ఇస్తుందో చూపే గ్రాఫులో) ఆ ఒక్క బిందువు చూస్తే చాలు, అది ఈ స్ప్రింగ్‌కు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. చౌక కాయిలోవర్లు 32 క్లిక్కుల సర్దుబాటు ఇస్తాయి గానీ చార్టు ఇవ్వవు. క్లిక్కుల సంఖ్య ఏమీ చెప్పదు.

ముందు చక్రాలతో నడిచే కార్లు, మన రోడ్లు

భారత్‌లో ఎక్కువగా కనబడే హ్యాచ్‌బ్యాక్‌లకు ముందు స్ట్రట్, వెనక ట్విస్ట్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే, మెలితిరిగే దూలం). బరువు ముందుకే, కారు తిరగనంటుంది. అందుకే ఇక్కడ లెక్క తలకిందులు: వెనక గట్టిగా పెట్టి తోకను కదిలిస్తారు. స్ప్రింగ్ పైన ముందు 300, వెనక 180 కిలోలున్న కారుకు ముందు 1.7, వెనక 2.1 హెర్ట్జ్ కావాలంటే ముందు స్ప్రింగ్ 38 న్యూటన్లు, వెనక (రేషియో 1 అనుకుంటే) 31 న్యూటన్లు. మలుపులో లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తే కంగారు అక్కర్లేదు, అది ఆ సెటప్ లక్షణం.

రోడ్డు మీద దీని సంగతి వేరు. వెనక ముగ్గురు కూర్చుని సామాను పెట్టి ఆ మూల బరువు 290 కిలోలైతే 2.1 కాస్తా 1.65 అవుతుంది, బండి ముందులా ఉండదు. స్పీడ్ బ్రేకర్ల లెక్క కూడా కలపాలి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. వీధుల్లో కట్టేవి దానికి దగ్గరగా కూడా ఉండవు, ఇరుకుగా నిటారుగా ఉంటాయి. 2 హెర్ట్జ్ దాటిన కారు కంటే కిందికి దింపిన కారే వాటి మీద ముందు దెబ్బ తింటుంది.

ఇంకో తేడా, నేల. లింకన్, నెబ్రాస్కాలో జరిగే సోలో నేషనల్స్ కాంక్రీటు మీద. మన దేశంలో ఆటోక్రాస్ తరచుగా మట్టి ట్రాకుల మీద. మట్టి మీద పట్టు తక్కువ కాబట్టి ఒరుగుడూ తక్కువే. అక్కడ కావలసింది పొడవైన ప్రయాణం, మెత్తటి స్ప్రింగ్, నేల నుంచి ఎత్తు. కాంక్రీటు సెటప్ ఇక్కడ చక్రాలను గాల్లో ఉంచుతుంది. చట్టం కూడా ఒకటుంది: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. రోడ్డు మీద నడిపే కారుకు కాయిలోవర్లు వేసేముందు ఇది తెలిసి ఉండాలి.

ఎంత చిన్న మార్పు లెక్కకొస్తుంది?

మియాటా 7/5 జతలో వెనక ఒక్క కేజీ పెంచి 6 చేస్తే పౌనఃపున్యం 1.74 నుంచి 1.91కి, ముందు వాటా 55 నుంచి 50 శాతానికి వస్తాయి. ఇది సీటులో కూర్చున్న ఎవరికైనా తెలిసే మార్పు. పౌండ్ల స్ప్రింగులైతే 50 చొప్పున మారుస్తారు, అది దాదాపు 0.9 కేజీ. 25 పౌండ్ల తేడాను టైరు గాలిలో తేడా మింగేస్తుంది.

మార్చినది పనిచేసిందో లేదో చూడ్డానికి షాక్ రాడ్‌కు ఒక జిప్ టై బిగించి షాక్ బాడీకి ఆనేలా కిందికి తోస్తారు. పరుగు అయ్యాక అది రాడ్ మీద ఎంత పైకి పోయిందో చూస్తారు. బంప్ స్టాప్‌కు 5 మి.మీ. కింద ఆగితే ఆ స్ప్రింగ్ ఉన్న చోటును బాగా వాడుకుంటున్నట్టు. స్టాప్‌కు ఒత్తుకుని ఉంటే ఎత్తు పెంచాలి, లేదా అర కేజీ నుంచి కేజీ గట్టిపరచాలి. సగం దూరంలోనే ఆగిపోయి, గతుకుల మీద కారు పక్కకు ఎగురుతుంటే స్ప్రింగ్ అక్కర్లేనంత గట్టి. ఆటోక్రాస్ పరుగుకు ఒకసారి, ఇంటికి వెళ్లే రోడ్డు మీద ఒకసారి విడిగా కొలవాలి. చాలా కార్లలో పెద్ద అంకె ఇంటి దారిలోనే వస్తుంది.